సినిమాలో మాటలు వినపడవు, ఫైట్లు మాత్రం అదిరిపోతాయి - సమాధానం

యూట్యూబ్ బాగానే వినిపించి సినిమా ఫైల్‌లో డైలాగులే సన్నగా వస్తున్నాయంటే స్పీకర్లు పోలేదు, ఆ ఫైల్ ఆడియో 5.1 (ఆరు ఛానెళ్ల సౌండ్) అయ్యుంటుంది. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ కోసం ఉండే సెంటర్ ఛానెల్‌లో ఉంటాయి, మీ ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే స్పీకర్లు, అన్నీ వాటిలోకి కలిపేసరికి మాటలు అడుగున పడిపోతాయి.

వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇలా చేయండి:

1. ఆడియో మెనూలో ఆడియో ట్రాక్ చూడండి, స్టీరియో ట్రాక్ (రెండు స్పీకర్లకి సరిపోయేది) ఉంటే అది పెట్టేయండి, పని అయిపోయినట్టే.

2. లేకపోతే టూల్స్, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, కంప్రెసర్‌లోకి వెళ్లి ఎనేబుల్ టిక్ పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే, వాల్యూమ్ 125 శాతానికి లాగి ఊరుకుంటారు, దానివల్ల మాటలతో పాటు బాంబులూ పెరుగుతాయి తప్ప తేడా తగ్గదు కదా. కంప్రెసర్ పెద్ద శబ్దాల్ని అణుస్తుంది, అప్పుడు మేకప్ గెయిన్ (మొత్తం సౌండ్‌ని పెంచే స్లైడర్) కొద్దికొద్దిగా పెంచితే మాటలు పైకొస్తాయి. మరీ పెంచితే గొంతులు పగిలినట్టు వస్తాయి, జాగ్రత్త.

3. మాటలే కాదు మొత్తం సౌండే తక్కువైతే, సినిమా ప్లే అవుతుండగా విండోస్ వాల్యూమ్ మిక్సర్ తెరవండి, ప్లేయర్ మూసేసి చూస్తే దాని స్లైడర్ అక్కడ కనపడదు. కిందకి ఉంటే పైకి లాగండి.