ఇసుక తిన్నెల్లో సాయంత్రం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో దుబాయ్ వెళ్తున్నాం. సాయంత్రం డెజర్ట్ సఫారీ బుక్ చేయాలని ఉంది. మా అత్తగారికి 68 ఏళ్లు, నడుంనొప్పి. ఐదేళ్ల బాబు శ్రీశైలం ఘాట్‌రోడ్డుకే వాంతులు చేసుకుంటాడు. వాళ్లిద్దర్నీ హోటల్లో వదిలి వెళ్లాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అక్కర్లేదండీ. సఫారీ అంటే రెండు వేర్వేరు పనులు. తిన్నెల మీద కారు తిప్పడం ఒకటి, దాన్ని డూన్ బ్యాషింగ్ అంటారు. క్యాంపులో భోజనం, ఆటపాటలు రెండోది. అత్తగారికి మొదటిది వద్దే వద్దు, రెండోదానికి హాయిగా రావచ్చు. బుక్ చేసేటప్పుడే ‘బ్యాషింగ్ లేకుండా నేరుగా క్యాంపుకి’ అని చెప్పి, ఆ మాట వోచర్ మీద రాయించుకోండి. తీరా కారెక్కాక డ్రైవరుని బతిమాలితే కుదరదు. మామూలుగా ఒక్కో ల్యాండ్ క్రూయిజర్‌లో ఆరుగురిని ఎక్కిస్తారు. మీరు నలుగురు పోను మిగిలిన ఇద్దరూ ఆ కుదుపుల కోసమే డబ్బు కట్టి ఉంటారు.

ఎందుకు వద్దంటున్నామంటే, రోడ్డు దిగేముందు టైర్లలో గాలి 35 పాయింట్ల నుంచి 15 ప్రాంతానికి దించుతారు. మెత్తబడ్డ టైరు ఇసుక మీద పరుచుకుంటుంది, అందుకే కూరుకుపోదు. తిన్నె ఎక్కేటప్పుడు అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. మరుక్షణం కారు ముక్కు కిందికి వాలుతుంది. దిగువన తగిలే దెబ్బ నేరుగా వెన్నులోకే పోతుంది. ఓ అరగంట ఇదే వరస. గర్భిణులు, గుండె జబ్బు, మెడనొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఎక్కకూడదు.

బాబుని నానమ్మతో క్యాంపుకి పంపడమే మా సలహా. తప్పదంటే వెనక వరసలో మాత్రం కూర్చోబెట్టకండి. ఆర్టీసీ బస్సులో చివరి సీటు ఎలా ఎగరేస్తుందో అదే లెక్క. మధ్య వరస మేలు. కారు మూడు గంటల ప్రాంతంలో హోటల్‌కి వస్తుంది కాబట్టి ఒంటిగంటలోపు తేలిగ్గా పెరుగన్నం పెట్టేయండి. ఫోన్ ఇవ్వొద్దు, దూరంగా తిన్నె అంచునే చూడమనండి. వాంతుల మందు పిల్లల డాక్టరుని అడిగి బయల్దేరేముందే వేయాలి. వికారం మొదలయ్యాక వేస్తే అది పనిచేసేలోపు తిరగడం అయిపోతుంది. ‘ఆపండి’ అంటే డ్రైవరు ఆపుతాడు, మొహమాటపడకండి.

క్యాంపులో కూర్చునేది నేలమీద పరుపుల మీద, పొట్టి బల్లల ముందు. అత్తగారికి కుర్చీ కావాలని ముందే చెప్పండి. ఒంటె కూడా వద్దు. అది లేచేటప్పుడు వెనక భాగం ముందు లేస్తుంది, కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు మడుస్తుంది. రెండుసార్లూ మనిషి ముందుకే తూలుతాడు. ఎక్కే మీరు రెండుసార్లూ వెనక్కి వాలాలి. ఎడారి కదా అని పల్చటి బట్టలతో వెళ్లొద్దు. డిసెంబరులో పొద్దుగుంకాక శాలువా లేకపోతే వణుకే.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? ఇంటి పొడులు పట్టుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆకలితో రారు. పప్పు, అన్నం, ఓ కూర ఎక్కువ క్యాంపుల్లో ఉంటాయి. సెనగలు, నువ్వుల ముద్దతో నూరిన హమ్మస్‌ని ఖుబ్జ్ రొట్టెతో తినండి, మన నాలుకకి కాస్త చప్పగా ఉన్నా బాగుంటుంది. లుఖైమాత్ మాత్రం వదలొద్దు, ఖర్జూరపు పాకం పోసిన తీపి పునుగులే అవి. అయితే కూరగాయలు కాల్చే నిప్పుల మీదే మాంసమూ కాలుస్తుంటారు. పట్టింపు ఉంటే విడిగా వండుతారా అని బుకింగ్‌లోనే అడగండి. గహ్వా అనే యాలకుల కాఫీని పిడిలేని చిన్న కప్పులో పోస్తారు. ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ ఊపి ఇవ్వాలి.

పొడుల దగ్గర ఒక్క జాగ్రత్త. యూఏఈలోకి గసగసాలు నిషేధం. కందిపొడి, కారప్పొడితో గొడవ లేదు, కానీ గసగసాలు కలిపి దంచిన మసాలా పొడి సంచిలో ఉంటే విమానాశ్రయంలో నిజంగానే చిక్కుల్లో పడతారు. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులకీ ముందస్తు అనుమతి ఉండాలి.

ప్రశ్న: పాస్‌పోర్టు లేదు. మన దేశంలో ఇలాంటిది ఉందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: జైసల్మేర్‌కి 40 కిలోమీటర్ల దూరంలో సమ్ తిన్నెలున్నాయి. జీపు, ఒంటె, రాత్రికి దాల్ బాటీ చూర్మా, కాల్బేలియా నాట్యం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్లండి. మే నెలలో వెళ్తే మన రోహిణి కార్తె చల్లగా అనిపిస్తుంది.

ప్రశ్న: బుల్లెట్ బాగా నడుపుతాను. సఫారీలో అద్దెకిచ్చే నాలుగు చక్రాల క్వాడ్ బైక్ నడపగలనా?
– ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: నడపగలవు, కానీ ఆ బుల్లెట్ అలవాటే దెబ్బతీస్తుంది. బండి ఒరగగానే కాలు కింద పెట్టడం మనకి అలవాటు. క్వాడ్ మీద అలా పెడితే వెనక చక్రం పాదం మీదికి ఎక్కుతుంది. పాదాలు ఫుట్‌రెస్టుల మీంచి కదపొద్దు. యాక్సిలరేటర్ బొటనవేలితో నొక్కేది, పిడి తిప్పేది కాదు. తిన్నెకి అడ్డంగా కాకుండా నిటారుగా ఎక్కు. సగంలో ఆగితే అక్కడే బండి తిప్పబోతే బోల్తా కొడుతుంది. హెల్మెట్ బెల్టు బిగించుకో, మెళ్లో కండువాలాంటిది ఏమీ వేలాడకూడదు. దీనికి అద్దె మామూలుగా సఫారీ టికెట్టులో కలిసి ఉండదు, ఎన్ని నిమిషాలకి ఎంతో ముందే తేల్చుకో.