చిన్నీకి, మేనత్త రాసేది

చిన్నీ,

ఉద్యోగం మానేసి సొంతంగా వ్యాపారం పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. విన్నప్పుడు గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి నువ్వు పంపిన ప్రెజెంటేషన్ తీసి చదివాను.

రిజిస్ట్రేషన్, పన్నులు, వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, భాగస్వామితో రాతపూర్వక ఒప్పందం. ఇవన్నీ నీకు తెలిసినవే, చేసెయ్యి.

నా టెన్షనంతా మార్కెట్ సైజు పేజీ గురించే. "ఇంత పెద్ద మార్కెట్లో మనకు ఒక్క శాతం వచ్చినా చాలు" అని రాశావు. ఆ ఒక్క శాతం ఎవరమ్మా? నీ దగ్గరికి ఎందుకు వస్తారు? దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. కింది నుంచి లెక్క కట్టు. ఈ ఇబ్బంది నిజంగా పడుతున్నవాళ్లు ఎందరు, వాళ్లలో నువ్వు చేరుకోగలిగేది ఎందరిని, ఏడాదికి ఎన్నిసార్లు కొంటారు, కొన్నప్పుడల్లా ఎంత ఇస్తారు. గుణించి చూస్తే అంకె బాగా చిన్నదైపోతుంది. కంగారు పడకు. టామ్ (మొత్తం మార్కెట్), సామ్ (అందులో నీ వస్తువు సరిపోయే భాగం), సోమ్ (నిజంగా నీకు దక్కగలిగే భాగం) అని ఒకదానిలో ఒకటి మూడు వృత్తాలు గీస్తారు కదా, జీతాలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ లోపలి చిన్న వృత్తమే. ఇంకొకటి, "చాలా బాగుంది, తప్పకుండా కొంటాను" అన్నవాళ్లని లెక్కలో వెయ్యకు. అడ్వాన్స్ చేతిలో పెట్టినవాళ్లనే వెయ్యి.

ఇరిడియం గురించి నీకెప్పుడైనా చెప్పానా? నేను టెలికాంలో పనిచేసే రోజుల్లో ఆఫీసులో అందరి నోటా అదే మాట. భూమ్మీద ఎక్కడ నిలబడైనా ఉపగ్రహాల ద్వారా మాట్లాడగల ఫోన్! ఆ ఆలోచన 1987లో మోటరోలా ఇంజినీర్లకు వచ్చింది. మొదట 77 ఉపగ్రహాలు కావాలనుకుని, పరమాణు సంఖ్య 77 ఉన్న మూలకం పేరే పెట్టారు. తర్వాత 66 చాలన్నారు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాదాపు 500 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 1998 నవంబరులో సేవలు మొదలుపెట్టి, 1999 ఆగస్టుకల్లా దివాలా పిటిషన్ వేశారు. సాంకేతికత బ్రహ్మాండంగా పనిచేసింది, అందులో లోపం లేదు. దేశాలు తిరిగే వ్యాపారవేత్తలు ఎగబడి కొంటారని వాళ్ల అంచనా. కానీ ఆలోచన వచ్చిన నాటి నుంచి సేవలు మొదలయ్యే దాకా పట్టిన ఆ పదకొండేళ్లలో మామూలు సెల్‌ఫోన్ జేబులో పట్టేంత చిన్నదైంది, రోమింగ్ కూడా వచ్చేసింది. ఇరిడియం ఫోనేమో ఇటుక లాగా ఉండేది, ధర సుమారు 3000 డాలర్లు, గదిలోకి వెళ్తే సిగ్నల్ అందదు. వ్యాపారవేత్త ఫోన్ చేసేదే గదిలోంచి కదా! ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు. ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్న ఆ కస్టమర్ మీద మమకారం చంపుకోలేకపోయారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కదిలిపోతుంది. 2000లో కొత్తవాళ్లు ఆ కంపెనీ ఆస్తులన్నిటినీ సుమారు రెండున్నర కోట్ల డాలర్లకే కొన్నారు. ఓడలకు, విమానాలకు, సైన్యానికి, టవర్లు లేని చోట పనిచేసేవాళ్లకు సేవలు అమ్మారు. కంపెనీ నిలబడింది, ఈ రోజుకీ నడుస్తోంది. కొత్తవాళ్లు మొదలుపెట్టినప్పుడు ఉపగ్రహాలు అవే. వదులుకున్నది ఆ ఊహాకస్టమర్‌నే.

వదిలెయ్యమంటే నీ పనినే వదిలెయ్యమంటున్నానని అనుకుంటావేమోనని ఇంత రాశాను. చిన్నప్పుడు లెక్క తప్పొస్తే నువ్వు కొత్త కాగితం తీసుకునేదానివి కాదు, ఆ కాగితం చిరిగేదాకా చెరుపుతూనే ఉండేదానివి. అప్పుడు ముద్దొచ్చేది. ఇప్పుడు భయమేస్తోంది. అందుకే మొదలుపెట్టకముందే, మనసు కుదురుగా ఉన్నప్పుడే రాసిపెట్టుకో: ఫలానా నెలకి ఇంతమంది డబ్బు కట్టి కొనకపోతే దారి మారుస్తాను, ఇంతకంటే పోగొట్టుకోను అని. తేదీ వేసి నాకు పంపు. మీ నాన్నకి ఇవ్వకు, నీ మొహం చూస్తే ఆయన కరిగిపోతాడు. మూడు నెలలకోసారి మార్కెట్ లెక్క మళ్లీ మొదటి నుంచి వెయ్యి, పాత అంకె చూడకుండా.

ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన ఉందని కూడా విన్నాను. ఆ మాట మళ్లీ నా చెవిన పడకూడదు. డబ్బు తక్కువైతే ముందు నన్నడుగు. నేను ఇచ్చేది పోయినా పర్లేదనుకునే ఇస్తాను, అప్పుగా కాదు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, మాట్లాడుకుందాం. వేళకు తిను.

నీ అత్త