హెర్క్యులిస్ వెనక చేతిలో ఏముంది?

గ్రీకు పురాణాలు తెలియకుండా బరోక్ కాలపు (ఐరోపాలో సుమారు 17వ శతాబ్దం) ముద్రణ చిత్రాలు చూస్తే అర్థమవుతాయా, ముందు గుర్తుల జాబితా ఏదైనా నేర్చుకోవాలా అని ఒకరు అడిగారు. జాబితా వద్దండి. గద్ద ఉంటే దేవతల రాజు జూపిటర్, నెమలి ఉంటే ఆయన భార్య జూనో అని బట్టీ పట్టినవాళ్లు పక్షిని గుర్తుపట్టగానే చూడటం ఆపేస్తారు.

మేం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాం. అమ్మ వచ్చినప్పుడు, ఇక్కడి రైక్స్‌మ్యూజియం వెబ్‌సైటులో దొరికే, డచ్ చిత్రకారుడు హెండ్రిక్ గోల్ట్‌జియస్ చెక్కిన ‘ఫార్నీస్ హెర్క్యులిస్’ని పెద్ద కాగితం మీద ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాను. అది గ్రీకు వీరుడు హెర్క్యులిస్ విగ్రహానికి వేసిన బొమ్మ. రోమ్‌లో మూడు మీటర్లు దాటిన ఆ పాలరాతి విగ్రహాన్ని గోల్ట్‌జియస్ 1591లో చూశాడు. రాగి రేకు మీద చెక్కిన ఈ బొమ్మ ఆయన పోయిన 1617లో బయటికొచ్చింది. గీసింది వెనక వైపు నుంచి. కింద ఒక మూల ఇద్దరు మనుషులు తలెత్తి విగ్రహాన్ని ముందు నుంచి చూస్తుంటారు. మనకి కనిపించేది వీపే.

అమ్మ దుడ్డుకర్ర చూసి ముందు "భీముడా?" అంది. కాసేపాగి, "ఇంత కండ పెట్టుకుని కర్రకి ఆనుకున్నాడేంట్రా? బాగా అలిసిపోయాడు పాపం. ఆ వెనక చేతిలో ఏంటవి, జామకాయలా?" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. బొమ్మ అడుగున ఉన్న లాటిన్ పద్యంలో హెర్క్యులిస్ చెప్పుకునేది అదే: డ్రాగన్ కాపలా కాసే తోటలోంచి పళ్లు తెచ్చాను, లోకాన్ని వణికించిన నేను అలసి ఆగాను అని. అవి హెస్పెరిడిస్ అనే వనదేవతల తోటలోని బంగారు ఆపిల్ పళ్లు. ముందు నిలబడ్డ ఇద్దరికీ ఆ పళ్లు కనబడవు, వెనక ఉన్న మనకే కనబడతాయి. ఇంత ఆలోచన ఏ జాబితాలో దొరుకుతుంది? నెట్‌లో చాలామంది ఆ పద్యాన్ని కత్తిరించేసి పెడతారు, నాకు ఒళ్లు మండుతుంది.

గోల్ట్‌జియస్ పసితనంలో నిప్పుల్లో పడి కుడిచెయ్యి కాలింది. వేళ్లు పూర్తిగా చాపలేకపోయేవాడు. ఆ చేత్తోనే చెక్కాడు కాబట్టే ఇక్కడ కథంతా చేతిలో పెట్టాడని నా గట్టి నమ్మకం.

మీరూ ఆ బొమ్మ దించుకుని వీపు మీద జూమ్ చేయండి. ఒక్కో గీత కండ దగ్గర లావెక్కి, వెలుగు దగ్గర వెంట్రుకంత సన్నబడుతుంది. గీతలు అడ్డదిడ్డంగా కలిసిన గళ్లలో చిన్న చుక్కలుంటాయి. తర్వాత మెల్లగా ఆ చేతి దగ్గరికి రండి.