గాలివానకు ముందు విమానాన్ని నేలకు కట్టడం: అల్లుడికి ఒక ఉత్తరం

నల్లగొండ,
ఏప్రిల్ చివరి వారం

చిరంజీవి శీనుకు,

మామ ఆశీస్సులు. నువ్వు సాగర్ అవతలి గట్టున ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌లో విమానాల దగ్గర పనికి చేరావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. జీతం ఎంత అని అడిగితే చెప్పలేదు, అంటే తక్కువే అయి ఉంటుంది. మొదట్లో నాకూ అంతే.

చిన్న విమానాలకు నూనె పట్టడం, టైర్లలో గాలి చూడటం నెల రోజుల్లో వచ్చేస్తాయి. వాటి గురించి రాయను. సాయంత్రం పని ముగించి ఇంటికి వెళ్లే తొందరలో అందరూ నిర్లక్ష్యం చేసే పని ఒకటుంది: విమానాన్ని నేలకు కట్టడం. అది ఈ ఎండాకాలంలోనే, రోహిణి కార్తె రాకముందే నువ్వు సరిగా నేర్చుకోవాలి. మన ప్రాంతంలో గాలి చెప్పి రాదు. మధ్యాహ్నం మూడింటి దాకా ఆకు కదలదు. నాలుగింటికి పడమర ఆకాశం నల్లబడుతుంది, నాలుగున్నరకు బత్తాయి తోటల్లో కాయలన్నీ నేల మీద ఉంటాయి. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? తాడూరు మండలంలో కడుతున్న కోళ్ల ఫారం గోడ గాలికి కూలి ప్రాణాలు పోయాయి. గోడనే పడగొట్టే గాలి, అల్యూమినియం రేకుతో చేసిన విమానాన్ని ఊరికే వదులుతుందా?

ముందు ఒక లెక్క చెబుతాను. మీ దగ్గర ఉండేవి ఎక్కువగా సెస్నా 152లు, అంటే రెండు సీట్ల చిన్న విమానాలు, అనుకుంటాను. దాని ఖాళీ బరువు సుమారు 490 కిలోలు, నిండుగా ఎగరగలిగే బరువు 757 కిలోలు. ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి ఉంటే గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగం దగ్గర కూడా ఆ రెక్కలు ఆ 757 కిలోలనూ గాలిలో నిలబెట్టగలవు. రెక్కకు ఆ వేగం ఇంజను వల్ల వచ్చిందా, ఎదురుగాలి వల్ల వచ్చిందా అన్నది తెలియదు. అంత గాలి వీచిందంటే దానికి ఎగిరే వేళ వచ్చినట్టే. గాలి వేగం రెట్టింపయితే ఎత్తే బలం నాలుగింతలవుతుంది. నేల మీద నిలబడ్డ విమానం ముక్కు పెద్దగా పైకి లేచి ఉండదు కాబట్టి మామూలు గాలికి కదలదు. కానీ ఒక గట్టి ఊపుకు ముక్కు కాస్త లేచిందా, రెక్క వాలు పెరిగి ఎత్తే బలం ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు పట్టుకోవడానికి మనుషులు చాలరు.

పట్టుకోవడం అన్నాను కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. గాలి మొదలయ్యాక విమానం రెక్క పట్టుకుని వేలాడే వీరత్వం నీకొద్దు. పిడుగుల్లో మైదానం మధ్య ఇనుప గొలుసు పట్టుకుని నిలబడ్డవాడిని నేను చూశాను. బతికాడు, అదృష్టం. మీ అమ్మకు నువ్వొక్కడివే.

ఇక తాడు. కొబ్బరి తాడు, జనపనార తాడు ముట్టవద్దు. నార తాడు వానకు తడిస్తే కుదించుకుపోయి, కట్టినప్పుడు లేని బిగువు తెచ్చుకుంటుంది. రెక్కను పై నుంచి కిందికి లాగడం మొదలుపెడుతుంది. విమానం తలకిందులుగా ఎగిరితే రెక్కల మీద ఎలాంటి భారం పడుతుందో అదే ఇక్కడా పడుతుంది, చిన్న విమానాల్లో చాలావాటిని ఆ భారం తట్టుకునేలా తయారుచేయరు. నైలాన్ తాడు మంచిది, వానకు కుంచించుకుపోదు, కొంచెం సాగి ఊపును మింగుతుంది. కాని మన ఎండ దాన్ని తినేస్తుంది. పైన పొడిపొడిగా నూగు లేచినట్టు, గరుకుగా తగిలితే ఆ తాడును బావి దగ్గరికి పంపించు, విమానం దగ్గర ఉంచవద్దు. సెస్నా 152 పుస్తకంలో 700 పౌన్ల బలం, అంటే సుమారు 320 కిలోల బలమున్న తాడు చాలని రాసి ఉంటుంది. నేను ఆ లెక్క ఒప్పుకోను. అది కొత్త తాడు లెక్క, రెండు వేసవులు చూసిన తాడుది కాదు. నేలలో పాతిన ప్రతి కొక్కెమూ సుమారు 3,000 పౌన్ల లాగుడు, అంటే 1,360 కిలోలు తట్టుకోవాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సలహా. నేల పట్టు అంత ఉన్నప్పుడు తాడు దానికి తగ్గట్టు ఉండాలి కదా.

చిన్నప్పుడు మన ఊళ్లో తాటిచెట్లెక్కే మల్లయ్య తాత ఉండేవాడు. పొద్దున చెట్టెక్కే ముందు మోకును మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో తడుముతూ పోయేవాడు. చూపు చెట్టు మీద ఉండేది, చేతులు మాత్రం తాడు మీదే. నువ్వూ తాడును కళ్లతో కాదు, వేళ్లతో చూడు.

అసలు సంగతి నేల దగ్గర ఉంది. నేను మొదటిసారి పనిచేసిన చోట (పేరు అనవసరం) ఏప్రాన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, మూడు విమానాలుండేవి. వాటిలో రెండు సిమెంటు దిమ్మెలకు పోసిన ఇనుప రింగులకు కట్టి ఉండేవి. మూడో దానికి చోటు చాలక పక్కన ఎర్రమట్టిలో ఇనుప మేకులు దిగగొట్టి కట్టేవాళ్లం. ఆ రోజు వాన ముందొచ్చింది, గాలి తర్వాత వచ్చింది. మట్టి మెత్తబడ్డాక మేకు తడి నేలలో పల్లి మొక్క పీకినట్టు, చప్పుడు కూడా లేకుండా బయటికి వచ్చేసింది. ఒక రెక్క తేలింది, విమానం పక్కకు తిరిగి రెండో విమానం తోకను కొట్టింది. తాడు తెగలేదు. ముడి జారలేదు. పొద్దున చూస్తే మేకు ముడితో సహా తాడు చివర వేలాడుతోంది, దాని మొనకు అరచేయంత ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆ సాయంత్రం మేకు మీద రెండు దెబ్బలు తక్కువ కొట్టింది నేనే. మరో రెండు కొట్టినా అది ఆగేది కాదని తర్వాత తెలిసింది. వాననీరు తాగిన మట్టిలో మేకు నిలవదు. మీ దగ్గర సిమెంటు కొక్కేలు లేకపోతే పైవాళ్లను అడుగు. ఇవ్వకపోతే మళ్లీ అడుగు. పది మందికి విసుగు పుట్టేలా అడిగినా తప్పు లేదు.

కట్టేటప్పుడు రెండు రెక్కల కింద ఉండే రింగులకు, తోక కింద రింగుకు తాడు వెయ్యి. 152 అయితే ముక్కుకూ వెయ్యమని దాని పుస్తకం చెబుతుంది. స్ట్రట్‌కు (రెక్కకు కింద ఆసరాగా ఉండే ఏటవాలు కడ్డీకి), చక్రం కడ్డీకి ఎప్పుడూ కట్టవద్దు. స్ట్రట్‌కు వేసిన తాడు జారి బిగిస్తే అది వంగుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. విమానం ఊగినా తాడు లాగిపట్టేలా నేల కొక్కెం రింగుకు సరిగ్గా కింద కాకుండా కాస్త బయటికి ఉంటే మేలు. తాడులో అంగుళం వదులు ఉంచు, అంతకంటే వద్దు. ఎక్కువ వదిలితే విమానం పరుగు తీసి తాడు చివర ఆగుతుంది, తాడు తెగేది ఆ జెర్కుకే. కట్టిన ఎద్దు ఒక్కసారి గుంజితే పలుపు తెగినట్టు. గొలుసుతో కడితే వదులు అసలు ఉంచకూడదు, ఎందుకంటే గొలుసు సాగదు. గొలుసు కొనలో ఉండే కొక్కెం గొలుసు కంటే బలహీనంగా ఉండటం ఎన్నోసార్లు చూశాను.

ముడికి వద్దాం. మీ కుర్రాళ్లు వేసే బూటు లేసు ముడి చూశాను, అది విమానం దగ్గర పనికిరాదు. జారని ఉచ్చు వెయ్యి. తాడు కొసను రింగులోంచి తీశాక, నిలువు తాడులో చిన్న సున్నా చుట్టు. కొసను కింది నుంచి సున్నాలోకి తీసి, నిలువు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే సున్నాలోకి దించి బిగించు. ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, జారదు. పొద్దున ఒక్క నొక్కుతో విడిపోతుంది. విడిపోయే గుణం ముఖ్యం. రాత్రి ముళ్లు విప్పలేక కత్తితో కోసినవాళ్లు నాకు తెలుసు, మర్నాడు పొట్టి తాడుతో అవస్థ పడ్డారు.

విమానం ముక్కును గాలి వచ్చే దిక్కుకు నిలపమంటారు. నిజమే. కాని మన గాలివానలు ఒక దిక్కున ఆగవు. మేఘం దూరంగా ఉన్నప్పుడు అటు నుంచి చల్లగాలి దుమ్ముతో ముందుకు తోసుకొస్తుంది, మేఘం తలమీదికి వచ్చి దాటాక గాలి తిరిగి ఇంకో పక్క నుంచి కొడుతుంది. అందుకే ఒక వైపు నమ్ముకుని కట్టవద్దు. ఫ్లాప్‌లు ఎత్తి ఉండాలి. కాక్‌పిట్‌లో కంట్రోల్ లాక్ పెట్టు, 152లో అది ఎలివేటర్‌ను (తోక మీది అడ్డ పలకను), అయిలరాన్‌లను (రెక్కల కొసల దగ్గరి కదిలే పలకలను) కదలకుండా ఉంచుతుంది. రడ్డర్‌ను (తోక మీది నిలువు పలకను) పట్టుకోదు, దానికి బయటి నుంచి వేసే బిగింపు వేరుగా ఉంటుంది, మరిచిపోవద్దు. గాలికి ఇటూ అటూ కొట్టుకున్న రడ్డర్ తనను ఆపే అడ్డు ముక్కలను వంచేస్తుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, రెండింటినీ తాడుతో జతకట్టు.

పెద్ద గాలి వస్తుందన్న కబురు ముందే ఉంటే రెక్కల మీద ఇసుక సంచులు వేసే పద్ధతి ఉంది. బరువు కోసం అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రెక్క పై భాగంలో ముందు సగం మీదే ఎత్తే బలం ఎక్కువగా పుడుతుంది. అక్కడ గాలి సాఫీగా జారకుండా అడ్డు పెడితే ఆ బలం చచ్చిపోతుంది. అందుకే ముందు స్పార్ (రెక్క లోపలి దూలం) మీద, కింద పాత గుడ్డ పరిచి, సగం నింపిన చిన్న సంచులు రెక్క పొడవునా వరుసగా పెట్టాలి. వడ్ల బస్తాలు పేర్చినట్టు ఒక్కచోట గుట్ట వేస్తే రేకు నొక్కుకుపోతుంది. ట్యాంకులు నింపి ఉంచడం కూడా మంచిదే. 152కు 98 లీటర్లు పడుతుంది, సుమారు 70 కిలోల బరువు, పైగా ఖాళీ ట్యాంకులో పట్టే చెమ్మ తగ్గుతుంది. చుట్టుపక్కల నిచ్చెనలు, డబ్బాలు, రేకులు లోపలికి తీసెయ్యి. గాలిలో ఎగిరే రేకు ముక్కకు ఏ తాడూ అడ్డం కాదు. హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) చోటు ఉంటే ఇదంతా మానేసి లోపల పెట్టించు. కట్టడం హ్యాంగర్‌కు సాటి కాదు.

కబురు ఎలా తెలుస్తుందంటావా? వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది, పిడుగులకు దామిని యాప్ ఉంది, ఫోనులో పెట్టుకో. వాటిని చూడు, కాని పడమర ఆకాశాన్ని కూడా చూడు. ఆకాశం నిర్మలంగా ఉందని ఒక్క సాయంత్రం కట్టడం మానవద్దు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం నిర్మలమైన సాయంత్రం కట్టకుండా వదిలేసిన విమానాలవే.

గాలి ఆగిన తర్వాత తొందరపడి రెక్కలు తుడిచి విమానాన్ని పైలట్లకు అప్పజెప్పవద్దు. రింగుల చుట్టూ రేకు ముడతలు పడిందేమో చూడు. రివెట్ల వెనక నల్లటి గీతలు కొత్తగా కనిపిస్తే అవి కదిలాయని అర్థం. తోక కీళ్లు, రడ్డర్‌ను ఆపే అడ్డు ముక్కలు చేత్తో కదిపి చూడు. వడగళ్ల గుంటలు రెక్కకు పక్క నుంచి చూస్తేనే కనిపిస్తాయి. ట్యాంకు అడుగు నుంచి ఇంధనం కొంచెం గాజు గ్లాసులోకి తీసి నీళ్లున్నాయేమో చూడు. వేగం కొలిచే పిటో గొట్టానికి తొడుగు ఉంచే ఉంటావు, తీసేటప్పుడు లోపల కందిరీగ గూడు కట్టిందేమో కూడా చూడు, నవ్వకు, జరుగుతుంది. అనుమానం వస్తే లైసెన్సు ఉన్న ఇంజినీరును పిలిచి లాగ్‌బుక్‌లో రాయించు. ఎగరొచ్చో లేదో చెప్పేది నువ్వు కాదు, ఆయనే.

ఈ ఉత్తరంతో పాటు బస్సులో రెండు మీటర్ల నైలాన్ తాడు పంపుతున్నాను. దాన్ని మంచం కోడుకు కట్టి రోజూ రాత్రి ఆ జారని ఉచ్చు వేసి విప్పు. కళ్లు మూసుకుని వేయగలిగినప్పుడు ఫోను చెయ్యి. దీపం పోయి వాన కురుస్తున్న చీకట్లోనే ఆ ముడి వేయాల్సి వస్తుంది.

అమ్మకు చెప్పు, వచ్చే నెల వస్తానని. మామిడికాయలు నేను తెస్తాను, గాలి ఏమైనా వదిలితే.

ఇట్లు,
మీ మామ