వేసవి ఆరు వారాల్లో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండూ పూర్తి చేయగలమా? (విజయవాడ, బీటెక్ మొదటి ఏడాది)

రెండూ వద్దు, ఒకటి పెట్టుకోండి. లెక్క చూడండి: సెమిస్టర్‌లో వారానికి 4 గంటల చొప్పున 15 వారాలంటే 60 గంటల క్లాసు. దాన్ని ఆరు వారాల్లో కుదిస్తే వారానికి 10 గంటలు. ఇంట్లో లెక్కలు చేయడానికి దానికి రెట్టింపు, ఇంకో 20. అంటే ఆదివారం మినహా రోజుకు 5 గంటలు ఒక్క సబ్జెక్టుకే.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎంచుకుంటే మొదటి మూడు రోజులూ ఇంటర్ ఇంటిగ్రేషన్ తిరగేయండి. బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ చేతికి రాకపోతే రెండో వారంలోనే బండి ఆగిపోతుంది. చాలామంది జారేది ఇక్కడ: లీనియర్ ఈక్వేషన్‌లో డివై బై డిఎక్స్ ముందున్న గుణకాన్ని 1 చేయకుండానే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ (ఇంటిగ్రేట్ చేయడానికి వీలుగా ఈక్వేషన్ మొత్తాన్ని గుణించే పదం) కట్టేస్తారు. ఉదాహరణకు ఆ గుణకం ఎక్స్, పక్కన 2వై ఉంటే, ముందు మొత్తాన్ని ఎక్స్‌తో భాగించాలి. అప్పుడు ఫ్యాక్టర్ ఎక్స్ స్క్వేర్ వస్తుంది. భాగించకపోతే ‘e’ పవర్ 2ఎక్స్ వచ్చి ఆపైదంతా తప్పే.

వేసవి కోర్సులో ఒక్క రోజు మానితే సెమిస్టర్‌లో రెండున్నర రోజులు మానినట్టే. పెళ్లిళ్లు ముందే చూసుకోండి! రోహిణి కార్తెలో బెజవాడ మధ్యాహ్నం బుర్ర పనిచేయదు కాబట్టి కొత్త పాఠం తెల్లవారుజామున 5 నుంచి 8లోపు, పాత లెక్కలు రాత్రికి. శనివారం పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని పది లెక్కలు చేయండి. ఆరు కూడా రాకపోతే ఆదివారం సెలవు లేదు.