అపార్ట్‌మెంట్‌లో రేడియో మీడియం వేవ్‌లో విజయవాడ స్టేషన్ కంటే బరబర శబ్దమే ఎక్కువ వస్తోంది. మేడ మీద వైరు కట్టాలా, లూప్ యాంటెన్నా (ఫ్రేమ్ మీద వైరు చుట్లుగా చుట్టింది) సరిపోతుందా?

వైరు వద్దు, లూపే కట్టండి. విజయవాడ స్టేషన్ కంటే బరబర శబ్దమే ఎక్కువ వస్తోందన్నారు కదా, అది చుట్టుపక్కల కరెంటు సామాన్ల రొద. పొడుగాటి వైరు స్టేషన్‌తో పాటు ఆ రొదనీ లాక్కొస్తుంది. పైగా మామూలు ట్రాన్సిస్టర్లలో మీడియం వేవ్‌ని పట్టేది లోపలున్న ఫెర్రైట్ కడ్డీ, అంటే సన్న వైరు చుట్టిన నల్లటి కడ్డీ. పైకి లాగే యాంటెన్నాకి వైరు తగిలిస్తే లాభం షార్ట్ వేవ్‌కే. ఈ ముక్క అమ్మేవాళ్లు ఒక్కరూ చెప్పరు.

మాది ఖమ్మం, మూడో అంతస్తు. పొద్దున్నే 837 కిలోహెర్ట్జ్‌లో విజయవాడ స్టేషన్ ప్రాంతీయ వార్తలు వినందే మా నాన్నగారికి కాఫీ గొంతు దిగదు. పక్క ఫ్లాట్‌లో కొత్త ఎల్‌ఈడీ లైట్లు పెట్టించినప్పటి నుంచి గ్రైండర్ తిరిగినట్టు ఒకటే మోత. రెండడుగుల చెక్క ఫ్రేమ్ మీద మామూలు వైరు పది చుట్లు చుట్టాను, చుట్టుకీ చుట్టుకీ పావంగుళం ఎడం ఉంచి. రెండు కొసలూ పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కి (స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) కలిపాను. రేడియోకి ఏ వైరూ తగిలించలేదు, ఫ్రేమ్ పక్కన పెట్టానంతే. గ్యాంగ్ మెల్లగా తిప్పుతుంటే ఒకచోట వార్తల గొంతు ఖంగున లేచింది. మోత కూడా లేచింది. అప్పుడు ఫ్రేమ్‌నీ రేడియోనీ ఒకే పీట మీద పెట్టి పీటని తిప్పాను. ఫ్రేమ్ ముఖం (చుట్ల మధ్య ఖాళీ కనిపించే వైపు) పక్కింటి గోడకేసి తిరిగేసరికి మోత అణిగిపోయింది, గొంతు నిలిచింది. "ఇంక దాన్ని ముట్టుకోకురా" అన్నారు నాన్నగారు.

లూప్ అంచు వైపు నుంచి వచ్చేదాన్ని బాగా పట్టి, ముఖానికి ఎదురుగా వచ్చేదాన్ని వదిలేస్తుంది. అందుకే ముందు రొద ఎటు నుంచి వస్తోందో చూసి తిప్పాలి. స్టేషనూ రొదా ఒకే దిక్కున ఉంటే గది మార్చండి.

ఈ రొదని ఆపే సరైన ఫిల్టర్ లేని చవక బల్బులు అమ్మేవాళ్లని అడిగే నాథుడు లేడు. పైగా "యాప్‌లో వినొచ్చుగా" అని మనకే సలహాలు! తుపానొచ్చి నెట్ పోయిన రోజు వినిపించేది రేడియోనే.

షార్ట్ వేవ్‌కి మీటరు వెడల్పున ఒక్క చుట్టు లూప్, దానికో చిన్న యాంప్లిఫయర్ చాలు, బాల్కనీలో పట్టేస్తుంది. మీడియం వేవ్‌కి మాత్రం గ్యాంగ్ ముఖ్యం, పాత రేడియోలు బాగుచేసే మెకానిక్‌ని అడగండి. బ్యాండ్ కింది చివర (తక్కువ కిలోహెర్ట్జ్ వైపు) స్టేషన్లు అందకపోతే ఒక చుట్టు పెంచండి, పై చివరవి అందకపోతే ఒకటి తగ్గించండి.