రాయి అరుదుగానే ఉండనీ, అమ్మకానికి పెట్టకు

చిరంజీవి అల్లుడికి, బరంపురం నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగం మానేసి స్నేహితులతో కలిసి ఆన్‌లైన్ గేమ్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బడా బజార్‌లో నా ఇంటర్నెట్ సెంటర్‌కి వచ్చి, కుర్చీ మీద మోకాళ్ళేసుకుని మౌస్ పట్టుకున్న పిల్లాడివి. నువ్వే గేమ్ చేస్తున్నావంటే పొంగిపోయాను. కానీ ఆటలో ఆయుధం బలం పెంచుకోవడానికి (అప్‌గ్రేడ్‌కి) అరుదుగా దొరికే రాళ్ళు పెడుతున్నారని విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

సర్వర్ బ్యాకప్ రోజూ తీసుకో. మొదటి లెవెల్స్ అప్‌గ్రేడ్‌కి గేమ్ డబ్బు చాలు, రాళ్ళు అడగకు. ఇవి నీకు తెలిసినవే.

పై లెవెల్స్‌కి అరుదైన సరుకు ఉండాల్సిందే, నేను కాదనను. లేకపోతే వారం తిరిగేసరికి అందరి చేతిలో ఒకటే కత్తి. రాక్షసుల్ని చంపినకొద్దీ గేమ్‌లోకి డబ్బు వచ్చి పడుతూనే ఉంటుంది, అది ఖర్చయ్యే దారి లేకపోతే ధరలు ఆకాశాన్నంటుతాయి. నలుగురు కలిసి పెద్ద రాక్షసుణ్ణి పడగొట్టి తెచ్చుకున్న రాయి మీద ఉండే మమకారం వేరు.

నా భయం వేరే. అప్పట్లో మన సెంటర్‌లో గుమ్మం పక్క సిస్టమ్ మీద ఒక ప్లస్ టూ కుర్రాడు రాగ్నరోక్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాడు. నీకు గుర్తుండడు. అందులో ఓరిడెకాన్ అనే రాయి ఉంది. ముడి ముక్కలు 5 కూడబెడితే ఒక రాయి అవుతుంది. ఆ రాయితో అన్నిటికన్నా పై తరగతి ఆయుధాన్ని +4 దాకా, అంటే నాలుగు మెట్లు, భయం లేకుండా పెంచుకోవచ్చు. ఆపైన ఫెయిలైతే రాయితో పాటు ఆయుధమూ పోతుంది. వాడు నెలల తరబడి ముక్కలు ఏరాడు. ఒక్కటి దొరికినా లేచి అందరినీ పిలిచి చూపించేవాడు, నాకూ ముచ్చటేసేది. ఇంతలో ఎవడో సిటీ ఆటగాడు అసలు డబ్బుకి రాళ్ళు అమ్ముతానన్నాడు. వీడు పరీక్ష ఫీజు పెట్టి కొన్నాడు. ఆటలో కమ్మరి సుత్తి దెబ్బ పడింది, అప్‌గ్రేడ్ ఫెయిలై కత్తి మాయం. ఏడవలేదు. ఖాళీ అయిపోయిన ఆ గడి మీదే మౌస్ తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. పట్టు నేసే మనిషి. నా కౌంటర్ ముందు నిలబడి, "బాబూ, ఆ రాయి వెనక్కిచ్చేస్తే డబ్బు ఇస్తారా?" అని అడిగాడు. ఆయనకి ఏమని చెప్పను?

ఒరేయ్, అలాంటి తండ్రి నీ ఆఫీసు మెట్లెక్కే పరిస్థితి తేకు. రాయి ఆటలోనే దొరకనీ, డబ్బుకి అమ్మకు. ఫెయిలైతే రాయి పోతే పోనీ, కత్తి జోలికి వెళ్ళకు. ఫెయిలైన ప్రతిసారీ తర్వాతి ఛాన్సు పెంచు, ఇన్నిసార్లకి తప్పకుండా అవుతుందని హామీ పెట్టు. శాతం ఎంతో స్క్రీన్ మీదే చూపించు. మేపుల్‌స్టోరీ అనే గేమ్‌లో ఛాన్సుల్ని ఆటగాళ్ళకి చెప్పకుండా తగ్గించినందుకు 2024 జనవరిలో కొరియా ప్రభుత్వ సంస్థ ఆ గేమ్ కంపెనీ నెక్సాన్‌కి సుమారు 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. డయాబ్లో 3 అనే గేమ్‌లో 2012లో ఆటగాళ్ళు సరుకుల్ని అసలు డబ్బుకి అమ్ముకునే వేలం తెరిచారు. వేటాడి సంపాదించడం కంటే కొనుక్కోవడమే సులువైపోయింది. 2014 మార్చి 18న ఆ వేలం మూసేశారు. అంత పెద్దవాళ్ళకే అది నెగ్గలేదు.

మరి ఆదాయం ఎలా అంటావా? బట్టలు, రంగులు, గుర్రాల జీన్లు అమ్ముకో. బలం మాత్రం అమ్మకు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒత్తిడి చేస్తారు, టెన్షన్ పడి ఒప్పుకోకు. మెత్తనివాడివి, అదే నా బెంగ.

వేళకి తింటున్నావా? దసరాకి వచ్చేటప్పుడు, ఏ రాయి ఎంత అరుదుగా పడుతుందో ఆ లెక్కల షీట్ పట్టుకురా. రాత్రి కూర్చుని ఒక్కో అంకె చూద్దాం. ఈలోగా డబ్బుకి ఇబ్బందైతే మీ అమ్మని కంగారు పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య